జో హారియట్‌ను దేనికి గుర్తుంచుకోవాలి: ఫ్రీ ఫామ్‌కా, ఇండో-జాజ్‌కా?

గ్రామఫోను:

ఈ చర్చావేదికలో జాజ్ ఊసెత్తితే పదిమందికి మించి పలకరు. నా పేచీ ఆ పదిమందితోనే కాబట్టి ఇబ్బంది లేదు.

మన దేశంలో ఎవరైనా సాక్సఫోన్ కళాకారుడు జో హారియట్ పేరు విన్నారంటే, అది 1960లలో లండన్‌లో సాక్సఫోన్ పక్కన సితార్, తబలా పెట్టి చేసిన ‘ఇండో-జాజ్’ రికార్డుల పుణ్యమే. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది. హారియట్ ఘనత అంతకుముందు చేసిన మూడు రికార్డుల్లో ఉంది. ఇండో-జాజ్ ఆయన పేరు మీద వచ్చిన వేరొకరి సంగీతం.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆయన 1928లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టారు. క్రైస్తవ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూల్‌లో పెరిగారు. ఆదరణ లేని పిల్లలకు చదువుతో పాటు బ్యాండు వాయిద్యాలు నేర్పిన బడి అది. తరవాత జమైకా నృత్య సంగీతమైన స్కాలో పేరు తెచ్చుకున్న డాన్ డ్రమండ్, టామీ మెకూక్ కూడా అక్కడివారే. 1951లో ఒక నృత్య వాద్యబృందంతో బ్రిటన్ వచ్చిన హారియట్ అక్కడే ఉండిపోయారు. ఆల్టో సాక్సఫోన్ మీద అమెరికా దిగ్గజం చార్లీ పార్కర్ బాణీని ఔపోసన పట్టి, లండన్ క్లబ్బుల్లో పేరు సంపాదించారు. 1958లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రి పాలైనప్పుడు మరో రకం సంగీతం ఆయన మనసులో రూపుకట్టింది. అది 1960 నవంబరులో ‘ఫ్రీ ఫామ్’గా, 1961–62లో ‘ఆబ్‌స్ట్రాక్ట్’గా, 1963లో ‘మూవ్‌మెంట్’గా రికార్డుకెక్కింది.

జాజ్‌లో మామూలు పద్ధతి ఏమిటంటే, ముందు పాట వరస వాయిస్తారు. తరవాత ఆ పాట కింద నడిచే, ఒకేసారి పలికే స్వరాల గుంపులైన కార్డ్‌ల వరుస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే ఒక్కొక్కరు వంతు తీసుకుని దాని మీద కల్పన చేస్తారు. నడక, బార్ల (తాళపు ఆవర్తాల వంటి లయ ఖండాల) లెక్క, కార్డ్‌ల వరుస ముందే ఖాయం. హారియట్ ఈ ఖాయాలన్నిటినీ వదులు చేశారు. ఆయన పెట్టుకున్న నియమం ఒకటే: ప్రతి రచనలోనూ వీటిలో కనీసం ఒక్కటి నిలవాలి, మిగిలినవాటిని, ఆ ఘడియ కోరితే, వదిలేయవచ్చు. ఆ నియమంతో ఆయన బృందం వాయించింది వినండి. ట్రంపెట్ ఒక మాట మొదలుపెడితే సాక్సఫోన్ మధ్యలో అడ్డుపడుతుంది, పియానో ఇద్దరినీ వదిలేసి మరో మూలకు వెళుతుంది, ఉన్నట్టుండి అందరూ ఆగిపోతారు. ఆ నిశ్శబ్దం కూడా రచనలో భాగమే.

‘ఆబ్‌స్ట్రాక్ట్’కు అమెరికా పత్రిక డౌన్‌బీట్ 5 నక్షత్రాలు ఇచ్చింది. 1973 జనవరి 2న సౌతాంప్టన్‌లో హారియట్ పోయారు, చేతిలో డబ్బు లేకుండా, 44 ఏళ్ల వయసులో. ఇప్పుడు మీ మాట చెప్పండి.

వడ్రంగిపిట్ట:

గ్రామఫోను గారూ, ప్రతి రికార్డుల ప్రియుడికీ లోకం మరిచిపోయిన మేధావి ఒకడు కావాలి. లేకపోతే అరుదైన రికార్డుకు ధర ఎక్కడి నుంచి వస్తుంది?

తేదీలు చూద్దాం. ఈ రకం స్వేచ్ఛా జాజ్ అనగానే అందరూ చెప్పే అమెరికా సాక్సఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ మొదటి రికార్డు 1958ది. ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’ 1959ది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయించి ఊరంతా గొడవ రేపాడు. ఇవన్నీ అయ్యాక ఒక ఏడాదికి హారియట్ ‘ఫ్రీ ఫామ్’ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద సొంతంగా ఆలోచించాడన్నది ఆయన చెప్పుకున్న మాట. కాదనలేను, అవుననడానికీ ఆధారం లేదు. అభిమానులు పదే పదే చెప్పేది ఇంకొకటుంది: కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ 1960 డిసెంబరులో రికార్డయింది కాబట్టి హారియటే ఒక నెల ముందు అని. కోల్‌మన్ తన దారి పట్టింది ఆ రికార్డుతో కాదు కదా! అది ఆయన మొదటి మెట్టు కాదని తెలిసీ ఆ నెల తేడాను పట్టుకుని వేలాడటం తెలివైన పని కాదు.

పోనీ, ముందు ఎవరు అన్నదే ముఖ్యమైతే ఆ కిరీటం ఇద్దరిలో ఎవరికీ దక్కదు. అమెరికా పియానో కళాకారుడు లెనీ ట్రిస్టానో బృందం కార్డ్‌లు, బార్లు ఏమీ అనుకోకుండా ‘ఇంట్యూషన్’, ‘డైగ్రెషన్’ రికార్డు చేసింది 1949లో.

నా లెక్కలో హారియట్ మంచి సాక్సఫోన్ కళాకారుడు, అంతే. మార్గదర్శి అన్న మాటకు ఆయన వెంట నడిచినవాళ్లు ఉండాలి. బ్రిటన్‌లో ఫ్రీ ఇంప్రొవైజేషన్ (ముందే ఏదీ అనుకోకుండా అప్పటికప్పుడు కల్పించి వాయించడం) అని ఈరోజు చెప్పుకునేది 1966 ప్రాంతంలో జాన్ స్టీవెన్స్, ట్రెవర్ వాట్స్‌లతో, డెరెక్ బెయిలీతో మొదలవుతుంది. వాళ్ల వంశవృక్షంలో హారియట్ పేరు ఎక్కడుందో చూపించండి.

కొత్తగా చేరాను:

నమస్కారం. మీరు చెప్పిన ‘ఫ్రీ ఫామ్’ ఇప్పుడే విన్నాను. ఐదుగురు ఐదు గదుల్లో సాధన చేసుకుంటున్నట్టు ఉంది. దీనిలో వినవలసింది ఏమిటో ఎవరైనా చెబుతారా? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

శుద్ధమధ్యమం:

నాకు జాజ్ తెలిసింది తక్కువ, కర్ణాటక సంగీతం కాస్త ఎక్కువ. కాబట్టి ఇండో-జాజ్ వైపు నుంచే వస్తాను. చివరకు చేరేది మాత్రం గ్రామఫోను గారి పక్షానికే, ఆయన చెప్పని కారణంతో.

‘ఇండో-జాజ్ సూట్’ 1965లో రికార్డయింది. రచన అంతా జాన్ మేయర్‌ది. ఆయన కలకత్తాలో పుట్టిన ఆంగ్లో-ఇండియన్, లండన్ ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించినవారు. ఐదుగురు జాజ్ వాళ్లు, ఐదుగురు మేయర్ వైపువాళ్లు. సితార్ దివాన్ మోతీహార్, తబలా కేశవ్ సాఠే. రెండు రచనలకు రాగాల పేర్లే పెట్టారు: మేఘ్, గౌడ్ సారంగ్. తరవాతి రికార్డులో ముల్తానీ ఉంది.

మేఘ్ హిందుస్తానీలో వానాకాలపు రాగం. స్వరాలు మన మధ్యమావతివే. గౌడ్ సారంగ్‌లో రెండు మధ్యమాలూ వస్తాయి, నడక వక్రంగా ఉంటుంది, సూటిగా ఎక్కి సూటిగా దిగితే ఆ రాగమే కాకుండా పోతుంది. ముల్తానీది మన శుభపంతువరాళి స్వరవరుస, అయితే ఆరోహణలో రిషభ ధైవతాలు వదిలేస్తారు. ఇవి చెబుతున్నది పాండిత్యం చూపడానికి కాదు. రాగమంటే స్వరాల జాబితా కాదు, దాని ప్రాణం సంచారాల్లో, గమకాల్లో ఉంటుంది. హారియట్ ఈ రికార్డుల్లో ఎంత ఆవేశంగా వాయించినా ఆ స్వరాల మీద జాజ్ పదాలే పలుకుతారు. ఆల్టో సాక్సఫోన్ మీద గమకం పలకదా అంటే, మన కద్రి గోపాల్‌నాథ్ అదే వాయిద్యం మీద పలికించి చూపారు. హారియట్ ఆ విద్య నేర్చుకోలేదు, నేర్చుకోమని ఎవరూ అడగనూ లేదు. మేయర్ కాగితం మీద రాసిచ్చిన చట్రంలో ఆయన వంతు వచ్చినప్పుడు వాయించారు. సితార్, తబలా వాళ్ల పరిస్థితీ అదే. ఇరుపక్షాలూ మర్యాదగా కూర్చున్న పెళ్లిచూపుల్లా ఉంటుంది ఆ సంగీతం.

ఇక నా అసలు మాట. కచేరీలో ఆలాపన వినేటప్పుడు తాళం లేదు, సాహిత్యం లేదు; రాగం ఒక్కటే మిగిలింది. మృదంగం లాంటి లయవాద్యాలు మాత్రమే మోగే తనిఆవర్తనం దగ్గరకు వచ్చేసరికి రాగం పోయింది, సాహిత్యం పోయింది. తాళం ఒక్కటే మిగిలింది. రెండింటినీ మనం ఏ తత్తరపాటూ లేకుండా వింటాం. ఒక్కటి ఉంచి మిగతావి వదిలేయవచ్చన్న హారియట్ నియమం చదవగానే నాకు తోచింది ఇదే. అంటే మన చెవికి దగ్గరది సితార్ ఉన్న హారియట్ కాదు, సితార్ లేని హారియట్.

కొత్తగా చేరాను గారూ, ఒక్కో రచనలో ఏది మిగిలిందో వెతుక్కుంటూ వినండి. ఒకచోట డ్రమ్స్ నడక నిలిచి ఉంటుంది, మరోచోట మొదట్లో వాయించిన స్వరపదం తిరిగి తిరిగి వస్తుంది. అది దొరికితే ఐదు గదుల మధ్య తలుపులు తెరుచుకుంటాయి.

వడ్రంగిపిట్ట:

ఆలాపన పోలిక వినడానికి బాగుంది. ఆలాపనలో మిగిలేది రాగమని గాయకుడికీ తెలుసు, శ్రోతకూ తెలుసు. తనిలో తాళం పెద్దలు చేత్తో వేసి చూపిస్తారు. వందల ఏళ్ల ఒప్పందం అది. హారియట్ రచనలో ఏది మిగిలిందో ఎవరూ చెప్పరు, మనమే వెతుక్కోవాలి. ఒప్పందం లేనిచోట శ్రోతను పరీక్ష రాయించడమే అవుతుంది.

ఏకతాళం:

నేను డ్రమ్స్ వాయిస్తాను. వడ్రంగిపిట్ట గారు తేదీలు లెక్కపెట్టారు గానీ రెండు రికార్డులనూ వెంట వెంటనే విన్నట్టు లేరు.

కోల్‌మన్ బృందంలో పియానో లేదు. కార్డ్‌ల పట్టు తప్పించుకోవడానికి ఆయన పియానోనే తప్పించారు. చార్లీ హేడెన్ బేస్, బిల్లీ హిగిన్స్ డ్రమ్స్ కింద నడుస్తుంటే మీద సాక్సఫోన్ పాడుతుంది, ఒకరి తరవాత ఒకరు. కార్డ్‌లు పోయాయి గానీ, ఒకరు ముందు నిలబడితే తక్కినవారు వెనక నడిచే పాత క్రమం చాలావరకు అలాగే ఉంది. హారియట్ పియానోను ఉంచుకున్నారు. ఉంచుకుని, దాని పాత ఉద్యోగం మాత్రం ఊడబెరికారు. పాట్ స్మైత్ ఎడింబరో నుంచి వచ్చినవాడు, న్యాయవాద వృత్తి వదిలి పియానో పట్టినవాడు. ఆయన వేళ్లు సాక్సఫోన్‌కు దన్నుగా నిలవవు. ఆ పియానో కూడా ఒక గొంతుగా మాట్లాడుతుంది, కొన్నిసార్లు మాట్లాడకుండా కూర్చుంటుంది. ‘కోడా’, ‘ఇంప్రెషన్’ వినండి. ఎవరి వంతు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో చెప్పడం కష్టం. కోల్‌మన్‌ను చూసి రాసుకున్నవాడి సంగీతం ఇలా ఉండదు.

మరొకటి. మీరు విన్నది సాక్సఫోన్ అయితే నేను విన్నది ఫిల్ సీమన్‌ని. అప్పటి బ్రిటన్‌లో అంతటి డ్రమ్స్ కళాకారుడు మరొకరు లేరని నా నమ్మకం. తరవాత రాక్ సంగీతంలో మోతమోగిన జింజర్ బేకర్‌కు గురువు. మాదకద్రవ్యాలు సీమన్‌ను తినేశాయి, 1972లో పోయారు. ‘ఫ్రీ ఫామ్’లో ఆయన ఉన్నట్టుండి కర్రలు ఆపేస్తారు చూడండి, ఆ ఆపడంలో కూడా కాలం నడుస్తూనే ఉంటుంది. బేస్ కోలరిడ్జ్ గుడ్. ఆయన కూడా జమైకావారే, 1946లో పాత తరం జాజ్ దిగ్గజాలు జాంగో రైన్‌హార్ట్ (గిటారు), స్టెఫాన్ గ్రాపెల్లి (వయొలిన్)లతో రికార్డు చేసినవారు. అంత సంప్రదాయం నుంచి వచ్చిన మనిషి, కింద పట్టుకోవడానికి ఏమీ లేని సంగీతంలో అంత స్థిమితంగా నిలబడ్డాడంటే అది ఏ రోజుకారోజు తోచింది వాయించడం కాదు. ఆ బృందం సాధన చేసి సంపాదించిన ఒప్పందం అది. శ్రోతకు తెలియని ఒప్పందం ఒప్పందం కాకుండా పోదు.

గ్రామఫోను:

ఏకతాళం గారు నా పని సగం చేసేశారు, కృతజ్ఞతలు. మిగిలిన సగం నేను చెబుతాను.

‘వెంట నడిచినవాళ్లు ఎక్కడ’ అన్న ప్రశ్నకు. ఈ సంగీతం మొదలయ్యేనాటికి హారియట్ పాత బృందంలోని ట్రంపెట్ హ్యాంక్ షా, పియానో హ్యారీ సౌత్ ఈ దారిలోకి రాలేదు. వచ్చినవారితోనే ఆయన వాయించారు. 1965 నాటికి ఆ బృందమూ విడిపోయింది. అందులోని షేక్ కీన్ జర్మనీ వెళ్లి కర్ట్ ఎడెల్‌హాగెన్ ఆర్కెస్ట్రాలో చేరారు. షేక్ కీన్ సెయింట్ విన్సెంట్ ద్వీపం నుంచి వచ్చిన కవి, ట్రంపెట్, ఫ్లూగల్‌హార్న్ వాయించేవారు. ఆయన మీద విడిగా రాయాలి, ఇంకోసారి. స్టీవెన్స్, వాట్స్ పని మొదలుపెట్టేసరికి వేదిక మీద హారియట్ ఫ్రీ ఫామ్ బృందం లేదు, ‘మూవ్‌మెంట్’ చాలా ఏళ్లపాటు దుకాణాల్లోనే లేదు. వినడానికి వీలు లేని సంగీతానికి వారసులు ఎలా పుడతారు? 1990ల చివర్లో ‘ఫ్రీ ఫామ్’, ‘ఆబ్‌స్ట్రాక్ట్’ సీడీలుగా తిరిగి వచ్చాయి. అప్పుడు ఏమైంది? షికాగో సాక్సఫోన్ కళాకారుడు కెన్ వాండర్‌మార్క్ హారియట్ రచనలతోనే ‘స్ట్రెయిట్ లైన్స్’ అని ఒక రికార్డు మొత్తం చేశాడు. ఆ సంగీతం మ్యూజియం వస్తువు అయి ఉంటే అవతలి ఖండంలో ఇంకొకరు దాన్ని ఎత్తుకుని వాయించరు.

ట్రిస్టానో 1949 సంగతి మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన బృందం ఈ పద్ధతిలో అప్పట్లో విడుదల చేసినవి ఆ రెండు రికార్డింగులే. హారియట్ అలాంటి సంగీతంతో ఒక బృందాన్ని కొన్నేళ్లు నిలబెట్టి, జనం ముందు, తాగి కబుర్లు చెప్పుకునే క్లబ్బుల్లో వాయించారు. రెండూ ఒకటేనా?

టేమ్స్ ఒడ్డు:

నేను బ్రిటన్‌లో ఉంటాను. మీరంతా స్వరాలు, తేదీలు మాట్లాడుతున్నారు. ఊరు, కాలం మాట్లాడటం లేదు.

1958లో, అంటే హారియట్ ఆసుపత్రి పాలైన ఏడాదే, లండన్ నాటింగ్ హిల్‌లో నల్లజాతివారి మీద తెల్లవాళ్ల గుంపులు దాడులు చేశాయి. కామన్వెల్త్ దేశాల నుంచి వలస వచ్చేవారికి తలుపులు మూసే చట్టం 1962లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో జమైకా స్వతంత్ర దేశమైంది. ‘ఆబ్‌స్ట్రాక్ట్’ రికార్డయింది ఆ రోజుల్లోనే. అప్పట్లో జాజ్ అంటే అమెరికాది, బ్రిటన్‌లో వాయించేది దాని నకలు అన్న ఆలోచన విమర్శకుల్లోనే కాదు, వాయించేవారిలో కూడా ఉండేది. అలాంటి చోట ఒక జమైకా మనిషి ‘ఇది నా సొంతం’ అంటే, ఏ అమెరికా వాడిని చూసి చేశాడో చెప్పండి అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. వడ్రంగిపిట్ట గారు ఈరోజు అడిగిందీ అదే ప్రశ్న. కోల్‌మన్‌ను మాత్రం ఎవరూ మీరు లండన్‌లో ఎవరిని విన్నారని అడగలేదు.

హారియట్ మాట ఒకటి ఇక్కడ జాజ్ వాళ్లందరికీ తెలుసు. పార్కర్‌తో పోల్చినప్పుడు, ‘పార్కరా? ఇక్కడా ఒకటి రెండు ఆసు ముక్కలు వేయగలవాళ్లున్నారు’ అన్నారట. సౌతాంప్టన్‌లోని ఆయన సమాధి రాయి మీద చెక్కింది ఆ వాక్యమే.

ఇండో-జాజ్ గురించి గ్రామఫోను గారితో నాకు పేచీ ఉంది. వేరొకరి సంగీతమని తేలికగా తీసేశారు. ఇద్దరు వలసవచ్చినవాళ్లు, ఒకరు కింగ్‌స్టన్, ఒకరు కలకత్తా, ఒకే సామ్రాజ్యం రెండు అంచుల నుంచి లండన్ చేరి ఒక గదిలో కూర్చుని చేసిన పని అది. బీటిల్స్ పాటలో సితార్ మొదటిసారి మోగింది 1965 డిసెంబరులో వచ్చిన రికార్డులో. మేయర్, హారియట్ అప్పటికే పనిలో ఉన్నారు. పైగా క్లబ్బుల్లో జాజ్‌కు గిరాకీ పడిపోయిన ఆ రోజుల్లో హారియట్‌కు కచేరీ హాళ్లు, రేడియో, నాలుగు డబ్బులు తెచ్చింది ఇండో-జాజే. ఆ బృందం వాయించిన ‘అకా రాగ’ బీబీసీలో ఒక కుటుంబ క్విజ్ కార్యక్రమానికి ముందు మోగే సంగీతమైంది. ఆ బాణీ గుర్తున్న పెద్దవాళ్లు ఇక్కడ చాలామంది, వాయించినవారి పేరు అడిగితే చెప్పలేరు. దాన్ని మరుపు అంటారో కీర్తి అంటారో మీరే తేల్చుకోండి.

వడ్రంగిపిట్ట:

టేమ్స్ ఒడ్డు గారూ, నేను అడిగింది జాతిని బట్టి కాదు, తేదీలను బట్టి. అయినా మీ మాటలో బలమున్న భాగం ఉంది: ‘ఎవరిని చూసి’ అన్న ప్రశ్న ఒక వైపే వేస్తారన్నది నిజం. దాని విరుగుడు ఆ ప్రశ్నను అందరికీ వేయడం. హారియట్‌ను దాని నుంచి మినహాయించడం కాదు.

డబ్బు తెచ్చిందన్నారు. డబ్బు తెచ్చిన సంగీతం మంచిదన్న వాదన ఇక్కడ సినిమా విభాగంలో చెల్లుతుంది. ఇండో-జాజ్ విషయంలో నేను గ్రామఫోను గారి పక్షం. రెండు సంగీతాలను నిజంగా కలపడం చూడాలంటే 1970లలో గిటారు కళాకారుడు జాన్ మెక్‌లాక్లిన్ ‘శక్తి’ బృందాన్ని చూడాలి. అక్కడ ఎవరూ ఎవరికీ కాగితం అందించలేదు. ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయక్‌రామ్ ఘటం, జాకిర్ హుస్సేన్ తబలా ముందు గిటారు తానే శిష్యుడిలా కూర్చుంది. ఆ బృందం తరవాతి అవతారంలో మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ కూర్చున్నప్పుడు ఎవరు ఏ సంగీతం నుంచి వచ్చారో విడదీయడం కష్టమైంది. దాని పక్కన ‘ఇండో-జాజ్ సూట్’ పెట్టి వినండి.

శుద్ధమధ్యమం:

మీరిద్దరూ ఇండో-జాజ్ అనగానే మేయర్ రికార్డుల దగ్గరే ఆగిపోతున్నారు. 1969లో వచ్చిన ‘హమ్ దోనో’ను ఇంతవరకు ఎవరూ ఎత్తలేదేమి?

అమాన్సియో డి’సిల్వా గోవా కుటుంబంలో బొంబాయిలో పుట్టిన గిటారు కళాకారుడు. హారియట్, ఆయన కలిసి చేసిన రికార్డు అది. సితార్ లేదు, తబలా లేదు. గిటారు, బేస్, డ్రమ్స్, ఇయాన్ కార్ ట్రంపెట్, మాటలు లేకుండా స్వరంతో మాత్రమే పాడే నార్మా విన్‌స్టన్. రాగం పేరు తగిలించిన రచన ఒక్కటీ లేదు. ‘జైపూర్’, ‘బల్లాడ్ ఫర్ గోవా’ లాంటి ఊళ్ల పేర్లున్నాయి. అయినా మేయర్ రికార్డుల కంటే ఇందులోనే భారతీయత నాకు ఎక్కువ వినిపిస్తుంది. డి’సిల్వా తీగను లాగే తీరులో ఉంది అది, ఎవరో నేర్పితే వచ్చినట్టు ఉండదు. హారియట్ కూడా ఇక్కడ ఎవరి చట్రంలోనూ లేరు. గొంతులో మునుపటి కోపం తగ్గింది, ఆరోగ్యం వల్లనో వయసు వల్లనో చెప్పలేను. నార్మా విన్‌స్టన్ గొంతు పక్కన ఆ సాక్సఫోన్ వినపడితే రెండూ ఒకే ఊపిరి పంచుకుంటున్నట్టు ఉంటుంది.

ఈ రికార్డూ దశాబ్దాల పాటు దొరకలేదు, పాత ప్రతి కావాలంటే భారీ ధర పెట్టవలసి వచ్చేది. వడ్రంగిపిట్ట గారు రికార్డుల ప్రియుల మీద వేసిన విసురు ఇక్కడ సరిగ్గా తగులుతుంది. సంగీతానికి మాత్రం తగలదు.

‘శక్తి’తో పోలిక గురించి. ‘శక్తి’లోని భారతీయ కళాకారులు కచేరీలు చేసి చేసి వచ్చినవారు, ఎదుటివాడికి వాయిద్యం మీద జవాబివ్వడం వారి వృత్తి. మేయర్ బృందంలోని సితార్, తబలా వాళ్లకు ఆ చోటు ఇవ్వలేదు. లోపం కలయికలో లేదు, పెత్తనంలో ఉంది. రచయిత ఒక్కడే కూర్చుని రాసినచోట రెండు సంగీతాలూ ఆయనకు జీతగాళ్లే.

గ్రామఫోను:

‘హమ్ దోనో’ను నేను ఇండో-జాజ్ ఖాతాలో వేయను, అందుకే ఎత్తలేదు. అది ఫ్రీ ఫామ్ నుంచి వచ్చిన మనిషి మరొకరిని వినడం. మేయర్ దగ్గర హారియట్ వాయించారు, డి’సిల్వా దగ్గర విన్నారు. ఈ తేడా మీరు ఒప్పుకుంటే నా మొదటి వాదనను అంతవరకు సవరించుకోవడానికి అభ్యంతరం లేదు.

ఒప్పుకోనిది ఒకటుంది. టేమ్స్ ఒడ్డు గారు ఇండో-జాజ్ ఆయనకు బతుకుతెరువు ఇచ్చిందన్నారు. ఇచ్చింది నాలుగేళ్లు. తరవాత? ఊరూరా తిరిగి, ఆ ఊళ్లో ఎవరు దొరికితే వారితో, అందరికీ తెలిసిన పాత పాటలు వాయించుకుంటూ బతికారు. 1960లో ఐదుగురితో కట్టిన సంగీతాన్ని ముక్కూ మొహం తెలియని బృందంతో వాయించడం కుదరదు. ఆ బృందానికి నాలుగు డబ్బులు దొరికి ఉంటే ఈరోజు మనం ఈ చర్చ వేరే శీర్షికతో చేసేవాళ్లం. ఇది ఊహ మాత్రమే, అందుకు ఆధారం అడగకండి.

టేమ్స్ ఒడ్డు:

అడగను. ఒక్క వాక్యం చేరుస్తాను: ఆ బృందాన్ని 1960లో రికార్డు చేయించిన నిర్మాత, 1965లో మేయర్‌ను హారియట్‌తో కలిపిన నిర్మాత, 1969లో ‘హమ్ దోనో’ తీసిన నిర్మాత ఒక్కరే, డెనిస్ ప్రెస్టన్. ఒకే మనిషి చేతి మీదుగా మూడూ వచ్చాయంటే హారియట్ వృత్తిని మీరు కోసినంత శుభ్రంగా రెండు ముక్కలు చేయలేం.

వడ్రంగిపిట్ట:

నిర్మాతకు కూడా ఒక చర్చ పెట్టండి, అక్కడా వస్తాను.

కొత్తగా చేరాను:

మీరంతా పోట్లాడుకుంటుండగా మళ్లీ విన్నాను. ఏది మిగిలిందో వెతుక్కోమన్నారు కదా. ‘కాలిప్సో స్కెచెస్’లో దొరికింది. కరీబియన్ పండగ పాట లాంటి ఊపు ఉంది, దాన్ని వాళ్లు విరిచి విరిచి పారేస్తున్నా మళ్లీ వచ్చి కూర్చుంటోంది. నవ్వొచ్చింది కూడా. ‘ఇంప్రెషన్’లో మాత్రం ఇంకా ఏమీ దొరకలేదు. తరవాత ఏది వినమంటారు?

ఏకతాళం:

‘ఆబ్‌స్ట్రాక్ట్’లోని ‘ఓలియో’ వినండి. ఆ రికార్డులో ఇంకొకరి రచన అదొక్కటే, అమెరికా సాక్సఫోన్ కళాకారుడు సానీ రోలిన్స్‌ది. ముందు రోలిన్స్ స్వయంగా ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్‌తో 1954లో వాయించిన మామూలు ‘ఓలియో’ విని, వెంటనే హారియట్‌ది పెట్టండి. వరస తెలిసి ఉంటుంది కాబట్టి ఏది వదిలేశారో, ఏది ఉంచుకున్నారో ఎవరూ చెప్పనక్కరలేదు. ‘ఇంప్రెషన్’ను ఆ తరవాత చూద్దాం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఫోను స్పీకర్లో కోలరిడ్జ్ గుడ్ వాయించే బేస్ వినపడదు.